సాంతోకి ఎవరు చెప్పాలి

పొద్దున తొమ్మిదింటికి మేనేజరు ఒక పనివాణ్ణి పిలిచి బాచోయ్ నూడుల్స్ తినిపిస్తున్నాడంటే, అందులోనూ మూలుగ వేయించి, పైన గుడ్డు కొట్టించి మరీ తినిపిస్తున్నాడంటే, ఆ పనివాడు చెంచా ముట్టుకునే ముందే కాస్త ఆలోచించుకోవాలి. డెల్ఫిన్ ఆలోచించుకున్నాడు. ఐసు ఫ్యాక్టరీ గేటు ఎదురుగా ఉన్న హోటల్లో, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లతో, ఉప్పునీళ్ళకి పాలిపోయిన వేళ్ళతో బల్ల ముందు కూచుని, ఆవిరి లేస్తున్న గిన్నెలోకి చూస్తూ, 'అయిపోయింది నా పని' అనుకున్నాడు.

"తిను తమ్ముడూ, నూడుల్స్ ఉబ్బిపోతాయి," అన్నాడు గిల్డో.

గిల్డో కంపెనీలో స్టోర్స్ చూస్తాడు. ఫ్యాక్టరీ ఫుట్‌బాల్ జట్టుకి మేనేజరు కూడా అతనే, పండగల్లో పందిపిల్ల బహుమతి కోసం ఆడిన రోజుల నుంచీ. ఇప్పుడు ఆ ఐసు ఫ్యాక్టరీ జట్టే మా ఊరి పేరుతో మొరలెతా యునైటెడ్ అయింది. మనీలాలో ప్రొఫెషనల్ లీగు ఆడబోతోంది, టీవీలో కనబడబోతోంది. గిల్డో చొక్కా మీద కొత్త బొమ్మ కుట్టారు: ఐసు దిమ్మ మీద నిలబడ్డ డేగ. దానికి కాళ్ళు జివ్వుమనవా అని ఫ్యాక్టరీలో అందరూ నవ్వుకున్నారు గానీ, పైకి ఎవరూ అనలేదు.

"మోకాలెలా ఉంది?"

"బానే ఉంది అన్నా."

"వానకి లాగుతోందా?"

"వానకి అందరికీ లాగేదేగా."

"నెనిత బావుందా? పెద్దపిల్ల హైస్కూలు కదూ?"

మా దీవిలో చెడ్డమాట సూటిగా రాదు. ముందు మోకాలి దగ్గర ఆగుతుంది, తర్వాత పెళ్ళాంపిల్లల దగ్గర, తర్వాత వానల దగ్గర. ఇంత దూరం నడిచొచ్చాక అప్పుడు ఎదురుగా కూచుంటుంది. డెల్ఫిన్ ఒక్కొక్కదానికీ జవాబు చెబుతూ ఆ ఆఖరిదాని కోసం కాచుకుని ఉన్నాడు. అరచేతులు బల్ల కింద తొడలకేసి రుద్దుకుంటున్నాడు.

"సాంతో సంగతి, తమ్ముడూ," అన్నాడు గిల్డో చివరికి.

డెల్ఫిన్‌కి ఊపిరాడింది. తనది కాదు. సాంతోది. ఆ వెంటనే సిగ్గేసింది, చెవుల దాకా. సాంతో ఆ జట్టుకి గోలీ. డెల్ఫిన్‌తో పాటే ఫ్యాక్టరీలో చేరినవాడు, ఒకే షిఫ్టులో పక్కపక్కన నిలబడి దిమ్మలు దించేవాడు. సాంతో చిన్న కూతురికి బాప్తిస్మంలో జ్ఞానతండ్రి డెల్ఫిన్. అప్పట్నుంచీ ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోరు, కుంపారే అనుకుంటారు. అలాంటివాడి గురించి చెడ్డవార్త వింటూ ఊపిరి పీల్చుకున్నాడు తను. అయినా చెంచా నోట్లో పెట్టుకున్నాడు. పులుసు బావుంది, అదొక బాధ.

"కోచ్ స్పెయిన్ వాడా, వాడికి గోలీ అంటే గుమ్మం ఎత్తుండాలి," అన్నాడు గిల్డో. "డెన్మార్క్ నుంచి ఒకణ్ణి తెస్తున్నారు. వాళ్ళమ్మ మన రోహాస్ ఊరి పిల్లేలే. సాంతో ఉద్యోగానికేం ఢోకా లేదు. ఫ్యాక్టరీలో ఉంటాడు, జట్టులో ఉండడు, అంతే."

"అదే వాడితో చెప్పు అన్నా."

"నేనా? వాడి మొహం చూస్తూనా?" గిల్డో నిజంగానే బెదిరిపోయాడు. "వాడు నీకు కుంపారే. నీ నోటి నుంచి వస్తే గుచ్చుకోదు. శనివారం ప్లాజాలో ఫాదర్ దీవెన, ఆటగాళ్ళని పేరుపేరునా పిలిచి జెర్సీలివ్వడం. వాడు పెళ్ళాంపిల్లల్ని వెంటబెట్టుకుని ముందు వరసలో కూచుంటాడు. అక్కడ తెలిస్తే ఏం కావాలి చెప్పు? శుక్రవారం లోపల నువ్వే ఎలాగోలా..."

డెల్ఫిన్ చెంచా కింద పెట్టాడు.

"మరి నేనో, అన్నా?"

గిల్డో నవ్వాడు. నవ్వుతూ తన గిన్నెలోంచి వేయించిన పందిచర్మం ముక్క తీసి డెల్ఫిన్ గిన్నెలో వేశాడు. "నీ సంగతి వేరు కదా తమ్ముడూ. నువ్వు కెప్టెన్‌వి."

ఆ మాటని డెల్ఫిన్ తనకి కావలసినట్టు అర్థం చేసుకున్నాడు. ఎవరైనా అంతే చేస్తారు.

*

సాయంత్రం ప్రాక్టీసు. వాన వెలిసి గంటయినా మైదానం ఇంకా చిత్తడిగానే ఉంది. కొత్తవాళ్ళు ఒక వైపు, పాతవాళ్ళు ఒక వైపు బూట్లు కట్టుకుంటున్నారు. ఎవరూ అలా కూచోమనలేదు. కొత్తవాళ్ళలో ఒక ఘనా వాడు, ఒక జపాన్ వాడు, మిగతావాళ్ళు సగం మనవాళ్ళు: అమ్మ అంటీకేలోనో కాపిజ్‌లోనో పుట్టి ఉంటుంది, వాళ్ళు జర్మనీలోనో నార్వేలోనో పెరిగి ఉంటారు. వాళ్ళలో డెల్ఫిన్ లాగే ఎడమవైపు ఆడేవాడు యోనాస్. మంచి కుర్రాడే. పాపం, ఇక్కడి భాష నాలుగు ముక్కలు నేర్చుకుని అందరికీ దండాలు పెడుతుంటాడు. డెల్ఫిన్ని "కెప్టెన్, కెప్టెన్" అంటూ వెంట తిరుగుతాడు. బంతి వాడి కాలికి అంటుకుపోతుంది, అదీ నిజమే. తిట్టుకోడానికి వాడిలో ఏమీ దొరకదు.

సాంతో గోల్ ముందు బురదలో దొర్లుతున్నాడు. ఎడమకి, కుడికి, మళ్ళీ ఎడమకి. కోచ్ బంతి మీద బంతి వేస్తున్నాడు. సాంతో ఒక్కటీ వదలడం లేదు. ముప్పై ఆరేళ్ళవాడు పడ్డ ప్రతిసారీ మోచెయ్యి నేలకానించి లేస్తున్నాడు. లేచిన ప్రతిసారీ నవ్వుతున్నాడు. కోచ్ మాత్రం అతని వైపు కాక చేతిలో గడియారం వైపు చూస్తున్నాడు. డెల్ఫిన్ ఆ చూపు గమనించి తల తిప్పేసుకున్నాడు.

ప్రాక్టీసు అయ్యాక సాంతో వచ్చి అతని పక్కన చతికిలబడ్డాడు.

"కాలు ఇలా పెట్టు కుంపారే."

"నేను తీసుకుంటాలే."

"పెట్టవయ్యా." డెల్ఫిన్ చీలమండకి చుట్టిన పట్టీని సాంతో తన వేళ్ళతో నెమ్మదిగా ఊడదీశాడు, వెంట్రుకలు పీకకుండా, పసిపిల్లల కాలికి చేసినట్టు. ఇన్నేళ్ళలో ఎన్నడూ చేయని పని. ఊడదీసి, ఉండచుట్టి, జేబులో పెట్టుకున్నాడు. తర్వాత తన సంచీలోంచి ఒక గుడ్డమూట తీశాడు. "గిమారాస్ మామిడిపళ్ళు. నెనితకివ్వు."

"ఇప్పుడెక్కడ దొరికాయి? కాపు అయిపోయిందిగా."

"దొరికాయిలే."

డెల్ఫిన్‌కి ఆ మూట పట్టుకోబుద్ధి కాలేదు. కత్తి నూరుకుంటున్నవాడికి మేక నీళ్ళు తెచ్చిపెట్టినట్టుంది. ఇప్పుడే చెప్పేయాలి అనుకున్నాడు. "కుంపారే..." అన్నాడు. అదే క్షణంలో సాంతో కూడా "కుంపారే, ఒక మాట..." అన్నాడు.

"ఏంటి, చెప్పు."

సాంతో బూటు మడమకి పట్టిన బురద పుల్లతో గీక్కుంటూ కూచున్నాడు. "మీ వంటింటి రేకు ఇంకా కారుతోందా?"

"కారుతోంది."

"ఆదివారం వచ్చి తారు పూస్తాను. నువ్వేం అనబోయావు?"

"ఏం లేదు. పళ్ళు బావున్నాయి."

*

నెనిత పెరట్లో బల్ల మీద చేపల పొలుసు తీస్తోంది. మామిడిపళ్ళ మూట చూసి కత్తి ఆపింది.

"ఎవరిచ్చారు?"

"సాంతో."

"ఎందుకు?"

"ఊరికే."

"ఊరికే పచ్చిమిరపకాయ కూడా ఎవరూ ఇవ్వరు. ఏమైంది?"

డెల్ఫిన్ గుమ్మంలో కూచుని చెప్పాడు. బాచోయ్ సంగతి కూడా చెప్పాడు. నెనిత వింటూ చేపని అటూ ఇటూ తిప్పింది గానీ కత్తి ఆడలేదు.

"గిల్డోకి నోరు లేదా? తినడానికి ఉందిగా."

"ఆయనకి చేత కాలేదు."

"నీకు చేతనవుతుందని ఎవరు చెప్పారు? పాపం వాళ్ళదీ, నోరు నీదీనా?"

"నేను చెప్పకపోతే వాడికి ఊరంతా చూస్తుండగా తెలుస్తుంది. పిల్లల ముందు. అది బావుంటుందా?"

నెనితకి కోపమొచ్చింది. చేప తల ఒక్క వేటుతో నరికింది. "అయితే రేపే చెప్పేయ్. మాట నోట్లో నానేకొద్దీ చేదెక్కుతుంది. అయితే బాచోయ్ తిన్నావన్న ముక్క మాత్రం అనకు," అంది.

"అనను."

"మరి నీ గురించేమన్నాడు?"

"నా సంగతి వేరన్నాడు."

"వేరంటే?"

"వేరంటే వేరే."

నెనిత అతని మొహంలోకి చూడలేదు. బకెట్లోంచి ఇంకో చేప తీసి తోక పట్టుకుంది. లోపల పెద్దకూతురు నాన్న పేరూ జెర్సీ నంబరూ రాసిన గుడ్డ ఒకటి సిద్ధం చేసుకుంటోంది, శనివారం ఊపడానికి.

*

మర్నాడు గురువారం చెప్పకుండానే గడిచిపోయింది. శుక్రవారం నాడు రేవులో పడవలు బారులు తీరి ఉన్నాయి. తుఫాను తప్పిపోయిందన్న కబురు రాగానే అందరూ ఒక్కసారే వేటకి బయల్దేరుతున్నారు, అందరికీ ఒక్కసారే ఐసు కావాలి. ఉప్పునీళ్ళ తొట్టి మీది చెక్కమూతలు తీసి, డెల్ఫిన్ కొక్కెం వేసి గొలుసు లాగితే, ఐసు గడ్డకట్టిన డబ్బాల వరస నీళ్ళు కారుస్తూ పైకి లేస్తుంది. దాన్ని తోసుకుంటూ పోయి మామూలు నీళ్ళ తొట్టిలో ముంచాలి. కొంచెం సేపు. ఎక్కువసేపైతే దిమ్మ కరుగుతుంది, తక్కువైతే డబ్బాని వదలదు. ఆ తొట్టి దగ్గర సాంతో నిలబడి చెయ్యి ఆనించి చూస్తాడు, ఊఁ అంటాడు. అప్పుడు ఇద్దరూ కలిసి డబ్బాలు వంచితే, దిమ్మలు జారుడుబల్ల మీద దడదడా దొర్లుకుంటూ పోయి క్రషర్ నోట్లో పడతాయి. ఆ చప్పుడులో కేకేస్తే గానీ మాట వినబడదు.

చెడ్డమాట కేకేసి ఎలా చెబుతాం? డెల్ఫిన్ మధ్యాహ్నం దాకా అదే సాకు చెప్పుకున్నాడు. మధ్యాహ్నం క్రషర్ ఆగింది. ఇద్దరూ గోడవారగా కూచుని అన్నం డబ్బాలు విప్పారు. ఎండుచేప, అన్నం. ఇప్పుడు సాకు లేదు.

"కుంపారే, ఫుట్‌బాల్ లేకపోతే మనం ఏం చేసేవాళ్ళం అంటావు?" అన్నాడు దూరం నుంచి మొదలుపెడదామని.

సాంతో చప్పున తలెత్తాడు. "ఎందుకలా అడుగుతున్నావు? ఎవరైనా ఏమైనా అన్నారా?"

"లేదు లేదు. ఊరికే."

"ఏం చేసేవాళ్ళం, ఇదే చేసేవాళ్ళం," అని సాంతో తన డబ్బాలోంచి పెద్ద ముక్క తీసి డెల్ఫిన్ అన్నం మీద పెట్టాడు. "జీవితంలో ఆట ఒక్కటేనా ఏమిటి. ఇల్లుంది, పిల్లలున్నారు. ఆరోగ్యముంది. ఏమంటావు?"

"అంతే మరి."

"అంతే. దిగులుపడకూడదు మనిషి."

ఎవరు ఎవర్ని ఓదారుస్తున్నారో డెల్ఫిన్‌కి అర్థం కాలేదు. ఏమీ తెలియనివాడు కనుక అంత ధైర్యంగా మాట్లాడుతున్నాడనుకున్నాడు. అనుకుని మరీ కుంగిపోయాడు.

షిఫ్టు అయ్యాక ఇంటికెళ్ళి స్నానం చేశాడు. ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. ఉత్తచేతుల్తో వెళ్ళలేక మార్కెట్టు దగ్గర ఒక కాల్చిన కోడి కట్టించుకున్నాడు. సాంతో ఇల్లు వంతెన అవతల. ఈసారి గడప దాటగానే చెప్పేస్తాను, కూచోను కూడా కూచోను, అని గొణుక్కుంటూ నడిచాడు.

వంతెన మీద, ఎదురుగా, చర్చికి వేసుకునే చొక్కా తొడుక్కుని, చేతిలో కల్లు డబ్బాతో సాంతో వస్తున్నాడు.

"ఎక్కడికి కుంపారే?"

"మీ ఇంటికే. నువ్వో?"

"నేనూ మీ ఇంటికే."

ఇద్దరూ కోడి వైపూ కల్లు వైపూ చూసుకున్నారు. వంతెన దిగగానే పాసింగ్ అక్క చిల్లరకొట్టు, దాని ముందు బెంచీ. ఏమీ అనుకోకుండానే అక్కడ కూచున్నారు. పాసింగ్ అక్క రెండు గ్లాసులు ఇచ్చి లోపలికెళ్ళింది. ఒక గ్లాసు తాగారు. రెండోది పోసుకున్నారు.

"నీతో ఒకటి చెప్పాలి," అన్నాడు డెల్ఫిన్.

"నేనూ నీతో ఒకటి చెప్పాలి."

"అయితే ముందు నువ్వు చెప్పు. పెద్దవాడివి."

"కెప్టెన్‌వి, నువ్వే చెప్పు."

"పెద్దవాడివే ముందు."

సాంతో గ్లాసు బెంచీ మీద పెట్టాడు. రెండు చేతులూ మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు. పెద్ద చేతులు అవి, వేళ్ళు రెండు మూడు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కున్నవి. "నన్ను తిట్టుకోకు. ఇది నా మాట కాదు. జట్టులో నీ పేరు లేదు, డెల్ఫిన్."

కుంపారే అనలేదు. పేరు పెట్టి పిలిచాడు.

డెల్ఫిన్ వంతెన కింద నీళ్ళ వైపు చూశాడు. ఎవరో పిల్లలు చెప్పుల్ని పడవల్లా వదులుతున్నారు. "ఎవరు చెప్పారు?"

"గిల్డో అన్న. బుధవారం మధ్యాహ్నం పిలిచాడు. శనివారం పిల్లల ముందు తెలిస్తే నువ్వు తట్టుకోలేవట. నా నోటి నుంచి వస్తే గుచ్చుకోదట. మూడు రోజుల్నుంచీ మింగలేక కక్కలేక ఛస్తున్నాను. ఆ మామిడిపళ్ళు ఇచ్చిన రోజే చెబుదామనుకున్నా. నోరు పెగల్లేదు."

"మరి నీ గురించేమన్నాడు?"

"నా సంగతి వేరన్నాడు."

డెల్ఫిన్‌కి నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూశాడు, ఆగలేదు. సాంతో భయపడి అతని భుజం పట్టుకున్నాడు. "కుంపారే, ఏమైంది? కాస్త నీళ్ళు తాగు."

"నన్నూ పంపాడు," అన్నాడు డెల్ఫిన్.

"ఎక్కడికి?"

"నీ దగ్గరికే. నీ పేరు లేదని చెప్పమని."

సాంతో చెయ్యి భుజం మీదే ఉండిపోయింది. మొహంలో ఏదీ కదల్లేదు. గోల్ పడ్డాక కూడా అలాగే నిలబడతాడతను, వెనక్కి తిరిగి చూడకుండా. చెయ్యి తీయకుండానే అడిగాడు.

"నీకు బాచోయ్ తినిపించాడా?"

"తినిపించాడు."

"గుడ్డు?"

"ఒకటి."

"నాకు రెండు వేయించాడు."

"కెప్టెన్ని తీసేసే మాట కదా. రెండు పడతాయి."

ఇద్దరూ నవ్వారు. పాసింగ్ అక్క తలుపులోంచి తొంగిచూసి, "ఒక్క గ్లాసుకే ఎక్కిందా?" అనేంతగా నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ సాంతో ఏడుపులోకి జారిపోయాడు, అది ఎక్కడ మారిందో అతనికే తెలియలేదు. డెల్ఫిన్ కోడి పొట్లం విప్పి అతని ముందు పెట్టాడు. ఎవరూ ముట్టుకోలేదు.

"ఒక మాట చెప్పనా," అన్నాడు సాంతో ముక్కు తుడుచుకుంటూ. "నీ పేరు వినగానే నాకు ఊపిరాడింది కుంపారే. నాది కాదు కదా అని."

"నాకూ."

"సిగ్గేసింది."

"నాకూ వేసింది. అయినా పులుసు తాగేశాను."

సాంతో తల ఊపాడు. అది నిజంగా ఎంత నీచమైన సంగతో ఇద్దరికీ తెలుసు, ఇద్దరిదీ ఒకటే కావడం వల్ల కాస్త తేలికైంది. చీకటి పడకముందే దోమలు మొదలయ్యాయి.

"ఏరు దాటారు, తెప్ప తగలేశారు. లోకమే అంత," అన్నాడు సాంతో.

"తగలేస్తే తగలేశారు. అగ్గిపుల్ల మనచేత గీయించారు చూడు, అదీ నా బాధ."

*

శనివారం ప్లాజాలో కంపెనీ షామియానాలు వేయించింది. ఫ్యాక్టరీ మూసేసి, పనివాళ్ళందరికీ డేగబొమ్మ చొక్కాలు పంచి, లారీల్లో తెచ్చి కూచోబెట్టారు. మైకులో ఒకడు "యెలో! యెలో!" అని అరిపిస్తున్నాడు. యెలో అంటే మా భాషలో ఐసు. ఒకప్పుడు ఆ కేక ఎవరూ నేర్పకుండానే పుట్టింది, పందిపిల్ల గెలిచిన రోజున. ఇప్పుడు నేర్పుతున్నారు, ఎప్పుడు అరవాలో చెయ్యెత్తి చూపిస్తున్నారు.

డెల్ఫిన్, సాంతో కుటుంబాల్ని ముందు వరసలో కూచోబెట్టి, వేదిక వెనక్కి వెళ్ళారు. గిల్డో పూలదండలు లెక్కచూసుకుంటున్నాడు. ఇద్దర్నీ కలిపి చూసేసరికి తేలుకుట్టిన దొంగలా అయిపోయి, తర్వాత మొహమంతా నవ్వు చేసుకున్నాడు.

"వచ్చారా! పిల్లలు తిన్నారా? అటుపక్క కాల్చిన లెచోన్ పందిని కోస్తున్నారు, ముందుగా వెళ్ళి..."

"తిన్నారు అన్నా," అన్నాడు డెల్ఫిన్.

"మీరిద్దరూ... మాట్లాడుకున్నారు కదూ?"

"దేని గురించి?" అన్నాడు సాంతో.

గిల్డో ఒకసారి ఇతన్నీ ఒకసారి అతన్నీ చూశాడు. "అదే... చెప్పలేదా? నువ్వు చెప్పలేదా?"

"మాకెవరూ ఏం చెప్పలేదు," అన్నాడు డెల్ఫిన్. "నువ్వు చెప్పు అన్నా. నీ నోటితో."

గిల్డో మోకాలి దగ్గర మొదలుపెట్టాడు. వయసు దగ్గరికి వచ్చాడు, కోచ్ దగ్గరికి వచ్చాడు, సర్ పాకో దగ్గరికి వచ్చాడు. కంపెనీకి ఛైర్మన్ సర్ పాకో, క్లబ్బు ఆయన ముద్దుబిడ్డ. డెల్ఫిన్ ఏమీ సాయం చేయలేదు, ఊఁ కూడా కొట్టలేదు. నడవడానికి దారేమీ మిగల్లేదని తెలిశాక గిల్డో పెద్దమనిషి కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, దండల వైపు చూస్తూ, "మీ పేర్లు లేవురా," అన్నాడు.

"ఎవరి పేర్లు?"

"నీది, డెల్ఫిన్. సాంతోది."

వినాలనుకున్నది విన్నాడు. ఏదో గెలిచినట్టుంటుందనుకున్నాడు, ఏమీ లేదు. ఎదురుగా ముసలివాడొకడు ఏడుస్తున్నాడు, అంతే. డెల్ఫిన్ చెయ్యి తనంతట తనే లేచి గిల్డో భుజం మీద పడింది. "పర్వాలేదు అన్నా," అనేశాడు.

అనగానే నాలుక కొరుక్కోవాలనిపించింది. ఇంతకాలం అందరికీ అన్నమాటే అది. పర్వాలేదు అంటాడని తెలిసే కదా అందరూ తన దగ్గరికొచ్చేది.

"నేను అనను," అన్నాడు సాంతో పక్కనుంచి, మామూలు గొంతుతో. "నాకు పర్వా ఉంది. చాలా ఉంది." అని వెనక్కి తిరిగి, పెళ్ళాంపిల్లల దగ్గరికి వెళ్ళి కూచున్నాడు.

గిల్డో జేబురుమాలతో కళ్ళొత్తుకున్నాడు. డెల్ఫిన్ చెయ్యి ఇంకా భుజం మీదే ఉండడంతో కాస్త ధైర్యం తెచ్చుకున్నాడు. "ఇంకొక్క చిన్నమాట తమ్ముడూ. సర్ పాకోకి ఒక కోరిక. జెర్సీలయ్యాక నిన్ను వేదిక మీదికి పిలుస్తారు. కెప్టెన్ పట్టీ నీ చేత్తో ఆ యోనాస్ భుజానికి కట్టాలి. ఫొటో తీస్తారు. పాతవాళ్ళు సంతోషంగా అప్పజెప్పినట్టుంటుంది. నువ్వు నవ్వుతావు కదా, నీ నవ్వు బావుంటుంది..."

అదీ అసలు సంగతి. గుచ్చుకోకూడదన్నది ఇందుకు. గుచ్చుకున్న మొహం ఫొటోలో బావుండదు.

డెల్ఫిన్ తన చెయ్యి తీసేసుకున్నాడు. ఈలోపు అవతల ఎవరో "మేనేజర్ సర్!" అని కేకేశారు. గిల్డో జవాబు కోసం ఆగలేదు. డెల్ఫిన్ దగ్గర జవాబు కోసం ఎవరూ ఎప్పుడూ ఆగలేదు.

అతను వచ్చి నెనిత పక్కన కూచున్నాడు. ఏమైందని ఆమె అడగలేదు. రాత్రే చెప్పాడు కనుక అడగనక్కర్లేదు. పెద్దకూతురికి మాత్రం పొద్దున చెప్పారు. ఆ పిల్ల తను రాసిన గుడ్డ మడిచి ఒళ్ళో పెట్టుకుని దానిమీద రెండు చేతులూ వేసుకుని కూచుంది. ఫాదర్ నీళ్ళు చల్లాడు. జెర్సీలు ఒకటొకటే పంచారు. యోనాస్ పేరు పిలిచినప్పుడు డెల్ఫిన్ చప్పట్లు కొట్టాడు. ఆ కుర్రాడు బాగా ఆడతాడు, చప్పట్లు కొట్టడానికి అది చాలు. ఇరవై ఐదుమందీ నిలబడ్డారు. చివర ఉన్న పొడుగాటి గోలీని సాంతో నఖశిఖ పర్యంతం పరీక్షగా చూసి, "మోకాళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి వీడికి," అని పెళ్ళాంతో అన్నాడు.

సర్ పాకో లేచాడు. పళ్ళెంలో పట్టీ తెచ్చారు. ఫొటోవాడు ముందుకొచ్చి వంగాడు.

"ఇప్పుడు, మన అందరి అభిమాన కెప్టెన్, మొరలెతా బిడ్డ, డెల్ఫిన్ బలినాస్!" అని మైకు అరిచింది.

పనివాళ్ళంతా లేచారు. ఈసారి చెయ్యెత్తి చూపించే పని లేకపోయింది. "యెలో! యెలో!" అని షామియానా ఎగిరిపోయేలా అరిచారు. పడవల్లో ఐసు నింపేవాళ్ళు, రంపపు పొట్టు మోసేవాళ్ళు, క్రషర్ దగ్గర చెవులు పోగొట్టుకున్నవాళ్ళు, అందరూ. లేవమని డెల్ఫిన్‌కి ఒళ్ళంతా చెబుతోంది. లేస్తే అందరికీ బావుంటుంది: గిల్డోకి, సర్ పాకోకి, ఏ పాపం ఎరగని ఆ కుర్రాడికి. అతను కుర్చీ అంచుని రెండు చేతులా పట్టుకున్నాడు.

కేకలు కాస్త తగ్గాయి. మైకు ఇంకోసారి పిలిచింది. వేదిక మీద గిల్డో మెడ చాచి చూస్తున్నాడు. చుట్టుపక్కలవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. పక్క కుర్చీలోంచి సాంతో చెయ్యి వచ్చి అతని చేతి మీద పడింది, ఏమీ నొక్కలేదు, ఉత్తినే ఉంది.

"నాన్నా, నిన్నే పిలుస్తున్నారు," అంది పెద్దకూతురు గుసగుసగా.

"వినబడుతోందమ్మా," అన్నాడు డెల్ఫిన్.

మైకు మూడోసారి అతని పేరు పిలిచింది. అతను కూచునే ఉన్నాడు.